పందిరి గుంజ, పెడికిల్ స్క్రూ
(ఫిజియోథెరపీ, నర్సింగ్ విద్యార్థులూ సాధారణ శ్రోతలూ కలిసి కూర్చున్న సభలో హైదరాబాదుకు చెందిన ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నా ముందున్న బల్ల మీద మూడు చెక్క ముక్కలు కనబడుతున్నాయి కదా. ఒకటి టేకు, రెండోది బూరుగు, మూడోది మన ఇళ్ళల్లో అల్మారాలకు వాడే పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. రాణీగంజ్‌లో ఒకే దుకాణంలో కొన్న ఒకే రకం స్క్రూలను మా వడ్రంగి చేత మూడింట్లోనూ ఒకే లోతుకు బిగింపించి తెచ్చాను. ఆపరేషన్లు చేసే మనిషి చెక్కలు మోసుకొచ్చాడేమిటని వెనక వరుసలో నవ్వుకుంటున్నారు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే దాంట్లో సగం ఈ చెక్కల్లోనే ఉంది. మిగతా సగం, వీటికీ బతికున్న ఎముకకూ ఉన్న తేడాలో ఉంది.

నడుములో వెన్నుపూసలు ఐదు. ఒక్కో పూసకు ముందువైపు గుండ్రటి దిమ్మె ఉంటుంది, వెనకవైపు నరాలను కాచే కమాను ఉంటుంది. ఈ రెంటినీ కలుపుతూ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పొట్టి వంతెనలు ఉంటాయి. వాటినే పెడికిల్‌లు అంటాం. పైపొర గట్టిది, లోపల మెత్తటి ఎముక. నడుములోని మొదటి పూసలో ఈ వంతెన అడ్డంగా సుమారు 9 మిల్లీమీటర్లు, ఐదో పూసకు వచ్చేసరికి సుమారు 18 మిల్లీమీటర్లు ఉంటుందని విదేశాల్లో అచ్చయిన కొలతలు చెబుతాయి. మనవాళ్ళలో ఇవి కొంత తక్కువే ఉంటాయని ఆపరేషను బల్ల దగ్గర మా చేతులకు తెలుస్తూ ఉంటుంది. ఆ వంతెన గుండా వెనక నుంచి ముందుకు ఐదున్నర నుంచి ఏడున్నర మిల్లీమీటర్ల మందం, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు ఉన్న స్క్రూను దింపుతాం. అదే పెడికిల్ స్క్రూ. జారిన పూసల మధ్య ఎముక ముక్కలు పేర్చి అతికించేటప్పుడు, అతుకు పడేదాకా అవి కదలకుండా ఈ స్క్రూల తలలను కడ్డీలతో కలిపి ఉంచుతాం. దింపేటప్పుడు వంతెన లోపలి గోడ దాటితే నరం, కింది గోడ దాటితే మరో నరం. కాబట్టి ఇంకాస్త లావు స్క్రూ వేస్తే పట్టు పెరుగుతుంది కదా అన్న మాటకు శరీరమే ఒక హద్దు గీసి పెట్టింది.

ఈ స్క్రూలు మోయాల్సిన భారం ఎంతో ఒకసారి చూద్దాం. 1999లో జర్మనీలోని ఊల్మ్‌లో విల్కె, ఆయన సహచరులు ఒక ఆరోగ్యవంతుడైన స్వచ్ఛంద సేవకుడి నాలుగో, ఐదో నడుము పూసల మధ్య డిస్క్‌లో పీడనాన్ని కొలిచే సూదిని పెట్టి అతన్ని పడుకోమన్నారు, నిలబడమన్నారు, బరువులెత్తమన్నారు. వెల్లకిలా పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడ్డప్పుడు 0.5, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తినప్పుడు 2.3 వచ్చాయి. ఈ అంకెలు మనసుకు పట్టాలంటే పెట్రోలు బంకులో గాలి పట్టించేటప్పుడు మీరు చెప్పే మాటను గుర్తు చేసుకోండి. కారు టైరుకు 32 పౌండ్లు అంటారు కదా, అది సుమారు 0.22 మెగాపాస్కల్. అంటే గ్యాస్ సిలిండరును నడుము వంచి ఎత్తే మనిషి డిస్క్‌లో కారు టైరుకు పది రెట్ల పైచిలుకు ఒత్తిడి ఉంటుంది. నిండు సిలిండరు 20 కిలోల కంటే ఎక్కువే అని ఇక్కడున్న ఆడవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

చరిత్రను రెండు మాటల్లో ముగిస్తాను. 1940లలో డాన్ కింగ్ పూసల వెనక కీళ్ళలోనే చిన్న స్క్రూలు బిగించాడు. పారిస్‌లో రేమండ్ రాయ్-కామీ 1963లో పెడికిల్ గుండా స్క్రూ వేసి, దాన్ని పలకకు కలిపే పద్ధతి మొదలుపెట్టాడు. అంతకుముందు అమెరికాలో పాల్ హారింగ్టన్ వాడిన కొక్కేలూ కడ్డీలూ పూసను వెనక నుంచి మాత్రమే పట్టుకునేవి. పెడికిల్ స్క్రూ అలా కాదు. వెనక నుంచి దిగి, ముందు దిమ్మె దాకా పోయి, పూసను మొత్తంగా పట్టుకుంటుంది. గూనిని సరిచేసే పనికైనా, జారిన పూసను నిలబెట్టే పనికైనా నేడు ప్రపంచమంతటా దాన్నే ఎక్కువగా వాడడానికి కారణం ఇదే.

ఇక అసలు విషయానికి వస్తాను. స్క్రూ పట్టును ఎలా కొలుస్తారు? అందరికీ మొదట తట్టేది, దాన్ని ఎముకలో బిగించి, తలకు కొక్కెం తగిలించి, యంత్రంతో నిలువునా పైకి లాగడం. ఎంత బలానికి ఊడిందో అదే దాని పీకుడు బలం. దీనికి 1990లలో చాప్‌మన్ బృందం పరీక్షించి చూపిన ఒక సరళమైన లెక్క ఉంది. తనను కోసే బలాన్ని (షియర్) ఎముక తట్టుకునే శక్తి, స్క్రూ బయటి వ్యాసం, ఎముకలో దిగిన పొడవు, స్క్రూ మీది చుట్ల లోతుకూ ఎడానికీ సంబంధించిన ఒక గుణకం, ఇవన్నీ గుణిస్తే పీకుడు బలం వస్తుంది. ఈ లెక్కలో ఒక చిత్రం ఉంది. వ్యాసాన్ని పది శాతం పెంచితే బలం పది శాతమే పెరుగుతుంది, పొడవూ అంతే. ఎముక బలం సగమైతే మాత్రం పట్టు కూడా సగమైపోతుంది, దాన్ని పూడ్చే లోహవిద్య ఏదీ లేదు. అందుకే టేకులో దిగిన స్క్రూ, పార్టికల్ బోర్డులో దిగిన స్క్రూ అంగడిలో ఒకటే అయినా బిగించాక ఒకటి కావు.

బయటి వ్యాసం పట్టుకు సంబంధించినదైతే, చుట్ల అడుగున ఉండే లోపలి కడ్డీ వ్యాసం విరగకుండా ఉండడానికి సంబంధించినది. అక్కడ లెక్క మారుతుంది. వంగే బలాన్ని తట్టుకునే శక్తి ఆ వ్యాసపు ఘనంతో పెరుగుతుంది. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్ల నుంచి 5కు పెరిగితే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి స్క్రూ తయారుచేసేవాడు ఎప్పుడూ రెండు కోరికల మధ్య నలుగుతుంటాడు. చుట్లు లోతుగా తీస్తే ఎముక ఎక్కువ దొరుకుతుంది కాని లోపలి కడ్డీ సన్నబడుతుంది, కడ్డీని లావు చేస్తే చుట్ల లోతు తగ్గిపోతుంది. శంకువులా కొనకు పోతూ సన్నబడే లోపలి కడ్డీ ఈ తగాదాలో కుదిరిన ఒక రాజీ. అది పెడికిల్ దగ్గర లావుగా ఉండి విరగదు, కొన దగ్గర సన్నగా ఉండి మెత్తటి ఎముకను ఎక్కువగా పట్టుకుంటుంది. దానికీ ఒక చిక్కుంది. ఎక్కువ లోతుకు పోయిందని వెనక్కి తిప్పామంటే, ఆ శంకువుకు చుట్టూ ఉన్న ఎముకతో బిగువు సడలే ప్రమాదం ఉంటుంది. మా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను మొదటి నెలలోనే చెబుతాను, ముందు కొలవండి, తర్వాత దింపండి, దింపాక వెనక్కి తిప్పకండి అని.

పట్టు ఎక్కడ ఉంటుందన్నది మరో ప్రశ్న. దానం చేసిన భౌతికకాయాల పూసల మీద 1997లో హిరానో బృందం చేసిన పరీక్షల్లో పీకుడు బలంలో సుమారు 60 శాతం పెడికిల్ నుంచే వస్తున్నదని తేలింది. కాబట్టి స్క్రూ కొన ముందు దిమ్మెలో మరో అర సెంటీమీటరు పోయిందా లేదా అన్న దానికన్నా, ఆ పొట్టి వంతెనను అది ఎంత నిండుగా ఆక్రమించిందన్నదే ముఖ్యం.

ఇప్పుడు ఈ పీకుడు బలం మీద నాకున్న పేచీ చెబుతాను.

మీ ఊళ్ళో పెళ్ళి అయ్యాక పందిరి గుంజ తీసేటప్పుడు ఏం చేస్తారు? ఎవరైనా దాన్ని కావలించుకుని నిలువునా పైకి లాగుతారా? లాగరు. తల దగ్గర పట్టుకుని అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు ఊపుతారు. మట్టి పక్కలకు జరిగి, గుంత నోరు వెడల్పవుతుంది. ఆ తర్వాత పదేళ్ళ పిల్లవాడు కూడా దాన్ని పైకి తీయగలడు. నడుములో స్క్రూ కూడా అచ్చం ఇలాగే వదులవుతుంది. మనిషి వంగినా, లేచినా, నడిచినా స్క్రూ మీద పడే బలం దాని పొడవు వెంట పడదు, దానికి అడ్డంగా తల దగ్గర పడుతుంది. ఇరుకైన పెడికిల్ ఇరుసులా నిలుస్తుంది. దిమ్మెలోని కొన, వాన పడుతున్నప్పుడు కారు అద్దం మీద వైపరు కదిలినట్టు కిందికీ పైకీ తుడుస్తుంది. ఒక్కో కదలిక వెంట్రుకవాసి మాత్రమే, కాని అవి లక్షల్లో ఉంటాయి. కొన్ని నెలల తర్వాత ఎక్స్‌రే తీస్తే స్క్రూ చుట్టూ నల్లటి గీత కనబడుతుంది. మిల్లీమీటరు మందం దాటిందంటే వదులైనట్టే లెక్క. నిలువునా ఊడి వచ్చిన స్క్రూలను నా అనుభవంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను, ఊగి ఊగి వదులైనవాటికి లెక్క పెట్టలేదు. అయినా కంపెనీలవాళ్ళు మా గదికి తెచ్చే రంగురంగుల కాగితాల్లో మాత్రం పెద్ద అక్షరాలతో ఉండేది పీకుడు బలమే.

దీనికి మంచి ఉదాహరణ కార్టికల్ దారి అనే పద్ధతి. మామూలు స్క్రూ పూస వెనక బయటి అంచు నుంచి మధ్యకు వాలుగా పోతుంది. కార్టికల్ దారిలో స్క్రూ మధ్యకు దగ్గరగా మొదలై, పైకీ బయటికీ వెళుతూ గట్టి పైపొరను ఎక్కువ చోట్ల తాకుతుంది. 2009లో శాంటోనీ బృందం ఈ దారిలో పీకుడు బలం 30 శాతం ఎక్కువని చూపింది. మంచి ఫలితమే. కండరాలను తక్కువగా విప్పి పని ముగించవచ్చు కాబట్టి అది నాకు నచ్చిన దారి కూడా. అయితే ఈ స్క్రూలు పొట్టివి, సన్నవి, దిమ్మెలో లోతుకు పోవు. మత్సుకావా బృందం కంప్యూటరు నమూనాలో, ఒక్కో స్క్రూను కాక, జంట స్క్రూలు పట్టుకున్న పూస మొత్తాన్ని ఊపి చూసినప్పుడు, పక్కకు వంగడంలోనూ మెలి తిరగడంలోనూ మామూలు దారే మెరుగని వచ్చింది. కమాను విరిగి పూస జారిన రోగిలో ఈ దారి సరిగ్గా ఆ విరిగిన చోటు మీదుగానే పోవాలి. విరిగిన కొమ్మకు ఉయ్యాల కట్టినట్టు అన్నమాట. అటువంటివారికి నేను దాన్ని వాడను.

ఎముక విషయానికి తిరిగి వస్తాను, ఎందుకంటే అక్కడ నేను ఒక పాఠం నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట అరవై దాటిన ఒకావిడకు నాలుగో పూస ఐదో పూస మీద జారితే నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు వేశాను. ఆపరేషనుకు ముందు నడుముకు తీసిన డెక్సా పరీక్షలో ఎముక సాంద్రత ఫరవాలేదనే వచ్చింది. మొదటి స్క్రూ దింపేటప్పుడే చేతికి తెలిసింది, అది కొరుకుతూ దిగడం లేదు, వెన్నలో చెంచా దిగినట్టు దిగుతోంది. కాగితం మీద అంకె బాగుంది కదా అని నేను చేతిని నమ్మలేదు. నాలుగో నెలలో ఆవిడ వచ్చి, "సారూ, మంచం మీద పక్కకు తిరిగితే లోపల ఏదో కలుక్కుమంటుంది" అన్నది. ఎక్స్‌రేలో కింది రెండు స్క్రూల చుట్టూ నల్లటి గీత. వయసుతో అరిగిన నడుములో పూసల అంచుల మీద పెరిగిన ముళ్ళను, ముందున్న పెద్ద రక్తనాళంలో పేరుకున్న సున్నాన్ని కూడా డెక్సా ఎముక కింద లెక్కవేస్తుంది, అసలు ఎముక గుల్లగా ఉన్నా మంచి మార్కులు వేస్తుంది. పుస్తకంలో నాకు తెలిసిన సంగతే ఇది, ఆ రోజు గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఎలాగూ తీసే సీటీ స్కాన్‌లోనే మొదటి నడుము పూస దిమ్మె మధ్యలో ఒక గుండ్రటి గీత గీసి, అక్కడ ఎముక ఎంత దట్టంగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ అంకె చూస్తాను. అది 110 కంటే తక్కువైతే ఎముక గుల్లబారిందని గట్టిగా అనుమానించి, తొందర లేకపోతే ముందు ఎముకకు మందు మొదలుపెడతాను. టెరిపారటైడ్ సూదిమందు తీసుకున్నవారిలో స్క్రూలు వదులవడం తగ్గిందని జపాన్ వైద్యులు చూపారు.

గుల్ల ఎముకలో ఏం చేయాలన్నదానికి మన వడ్రంగులు ఎప్పుడో జవాబు కనిపెట్టారు. అల్మారా తలుపు బందు వదులైతే ఏం చేస్తారు? రంధ్రంలో రెండు అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దోపి, మళ్ళీ స్క్రూ బిగిస్తారు. మేము కూడా పాత రంధ్రంలో ఎముక పుల్లలు పెట్టి చూసినవాళ్ళమే. దాని పెద్దన్న సిమెంటు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ముద్దను ఒక్కో స్క్రూకు ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్ల దాకా ఎక్కిస్తాం. అది మెత్తటి ఎముక సందుల్లోకి పాకి గట్టిపడి, స్క్రూ కొన చుట్టూ గడ్డలా ఏర్పడుతుంది. చాలా ప్రయోగాల్లో పీకుడు బలం రెట్టింపు దాకా పెరిగింది, కొన కూడా తుడవడం మానుతుంది. అయితే పలచగా ఉన్నప్పుడు ఎక్కిస్తే సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరవచ్చు, వెనక్కి పోతే నరాల మీద పడుతుంది, తర్వాత చీము పడితే తీయడం నరకం. అందుకే అందరికీ కాదు, అవసరమైనవారికి, ఎక్స్‌రే తెర మీద కళ్ళు తిప్పకుండా చూస్తూ ఎక్కించాలి. ఆవిడకు రెండోసారి లావు స్క్రూలు వేసి, సిమెంటు ఎక్కించి, పూసల మధ్య డిస్క్ తీసిన చోట కేజ్ అనే చిన్న పంజరం లాంటి ముక్క కూడా పెట్టాను.

కేజ్ ఎందుకో చెప్పాలి. నిలబడ్డ మనిషి నడుములో భారంలో సుమారు 80 శాతం ముందున్న దిమ్మెలూ డిస్క్‌లూ మోస్తాయి, వెనక భాగానికి వచ్చేది 20 శాతమే. అరిగిపోయిన డిస్క్‌ను అలాగే వదిలి వెనక మాత్రమే కడ్డీలు వేస్తే, గోడలోంచి పొడుచుకు వచ్చిన సజ్జా మీద నీళ్ళ ట్యాంకు పెట్టినట్టవుతుంది. బరువంతా సజ్జా మొదట్లో, అంటే స్క్రూ మెడ దగ్గర పడుతుంది. డిస్క్ తీసిన చోట కేజ్ పెడితే సజ్జా కింద స్తంభం నిలబెట్టినట్టే. ఇవాళ ఏ ఒక్క కొత్త రకం స్క్రూ కంటే ఈ స్తంభమే స్క్రూలను ఎక్కువ కాపాడుతున్నదని నా నమ్మకం.

స్క్రూలు ఒంటరిగా పనిచేయవు. రెండు స్క్రూలను నిటారుగా కాక కొనలు దగ్గరయ్యేలా వాలుగా వేసి, వెనక కడ్డీలను అడ్డపట్టీతో కలిపితే, వాటి మధ్య చిక్కిన ఎముక మొత్తం కదిలితే తప్ప అవి ఊడవు. అడ్డపట్టీ ముఖ్యంగా మెలి తిరగడాన్ని అడ్డుకుంటుంది. ఒక పక్కనే స్క్రూలు వేసే పద్ధతి కూడా ఉంది. కోత చిన్నది, ఖర్చు తక్కువ. కాని మెలిలోనూ పక్కకు వంగడంలోనూ అది రెండు పక్కలా వేసినదానికి సాటిరాదు. ఇక కడ్డీల సంగతి. వ్యాసం 5.5 నుంచి 6 మిల్లీమీటర్లకు పెరిగితే బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, 40 శాతం పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పదార్థపు బిగువును చెప్పే యంగ్ గుణకం టైటానియంకు సుమారు 110 గిగాపాస్కల్, కోబాల్ట్ క్రోమ్‌ది దానికి దాదాపు రెట్టింపు, గట్టి ఎముకది 20 లోపే. బిగువు ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటే పొరపాటు. కడ్డీ వంగకపోతే ఆ బలం స్క్రూకూ ఎముకకూ మధ్యకు పోతుంది, లేదా పై పూసకు పోతుంది. నడుము అతికించినవారిలో పక్క పూసల దగ్గర మళ్ళీ ఆపరేషను అవసరమయ్యే స్థాయి అరుగుదల ఐదేళ్ళలో 16.5 శాతానికి, పదేళ్ళలో 36.1 శాతానికి వస్తుందని 2004లో గిసెల్లీ బృందం అంచనా వేసింది. ఇందులో వయసు వాటా ఎంత, లోహం వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

అన్నిటికంటే చిక్కు ఐదో పూసకూ, దాని కింద తుంటి ఎముకల నడుమ ఉండే త్రికానికీ మధ్య. త్రికపు పెడికిల్ వెడల్పుది, లోపలంతా మెత్తటి ఎముక, స్క్రూకు పక్కగోడలు అందవు. అక్కడ స్క్రూ కొనను త్రికం ముందంచులోని గట్టి పెదవి దాకా తీసుకుపోయి కొరికించాలి. 1992లో మెక్‌కార్డ్ బృందం చూపిన దాని ప్రకారం ఆ కీలులో వంపు తిరిగే ఇరుసు డిస్క్ వెనక అంచు దగ్గర ఉంటుంది. దానికి ఎంత ముందుకు పట్టు దొరికితే అంత మేలు. అనేక పూసలను అతికించేటప్పుడు తుంటి ఎముకలోకి పొడవైన స్క్రూలు వేయడం అందుకే.

ఇన్ని చెప్పాక, ఈ లోహమంతా ఎంతకాలం తట్టుకోవాలి? అంతర్జాతీయంగా వాడే ఒక పరీక్షలో, ఎఫ్1717 అని దాని పేరు, రెండు ప్లాస్టిక్ దిమ్మెల మధ్య ఏమీ పెట్టకుండా, అంటే మధ్య పూస లేనట్టుగా భావించి, స్క్రూలూ కడ్డీలూ బిగించి 50 లక్షల సార్లు వంచుతారు. సెకనుకు ఐదుసార్లు చొప్పున రాత్రింబవళ్ళు యంత్రం తిరిగితే పదకొండున్నర రోజులు పడుతుంది. బైండింగ్ వైరును అటూ ఇటూ వంచి తెంపే మేస్త్రీకి లోహపు అలుపు అంటే ఏమిటో మనం చెప్పనక్కర్లేదు. ఏ టైటానియం కడ్డీ అయినా ఏదో ఒక రోజు అలుస్తుంది. ఆపరేషను బల్ల మీద దాన్ని పదేపదే వంచి, మళ్ళీ తిరగవంచి గాట్లు పెడితే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది. ఆ లోపల, ఆరు నెలల నుంచి ఏడాదిలో, మనం పేర్చిన ఎముక ముక్కలు పూసకూ పూసకూ మధ్య వంతెన కట్టాలి. స్థిరత్వం అంటే నేను చూసేది అది. ఆపరేషను గదిలో స్క్రూ ఎంత బిగిసింది అన్నది కాదు, ఎముక వంతెన కట్టేదాకా ఆ బిగువులో ఎంత మిగిలి ఉంది అన్నది.

కాగితాల మీద వచ్చిన ప్రశ్నల్లో రెంటికి జవాబు చెప్పి ముగిస్తాను. బెల్టు పెట్టుకుంటే స్క్రూల మీద భారం తగ్గుతుందా అని ఒకరు అడిగారు. బెర్లిన్‌లో రోల్మన్, బెర్గ్‌మన్ బృందం 1990లలో కొలత పరికరాలు, చిన్న ప్రసారిణి అమర్చిన కడ్డీలను కొందరు రోగుల్లో పెట్టి, వారు నడుస్తుంటే, కూర్చుంటుంటే బయట నుంచి అంకెలు చదివింది. బెల్టులు కడ్డీల మీద భారాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. అయినా నేను మొదటి కొన్ని వారాలు రాస్తాను, ఎందుకంటే బిందె కోసం వంగబోయే మనిషికి అది ఆగమని గుర్తుచేస్తుంది. ఏడాది తర్వాత కూడా దాన్ని పెట్టుకుని తిరిగేవాళ్ళు మన నగరంలో చాలామందే ఉన్నారు. వాళ్ళకు కావలసింది బెల్టు కాదు, వీపు కండరాలకు వ్యాయామం. ఆ పని ఇక్కడున్న ఫిజియోథెరపీ విద్యార్థులది.

అతుకు పడ్డాక స్క్రూలు తీసేయాలా అన్నది రెండో ప్రశ్న. ఎముక అతుక్కోగానే లోహానికి సెలవు దొరుకుతుందని నేనూ చెబుతుండేవాణ్ణి. అదే బెర్లిన్ కొలతల్లో, అతుకు పడ్డ తర్వాత కూడా కడ్డీల మీద భారం తగ్గలేదని వచ్చింది. కాని ఎముక వంతెన కట్టేశాక స్క్రూ విరిగినా పూస జారదు. నొప్పి, చీము వంటి కారణం లేకపోతే వాటిని కదిలించం. నేను చెప్పిన ఆవిడకు ఏడాది తర్వాత సీటీ స్కాన్‌లో కేజ్ గుండా ఎముక అటూ ఇటూ కలిసిపోయి కనబడింది. స్క్రూలు లోపలే ఉన్నాయి.

టీ తాగేటప్పుడు ఈ మూడు చెక్కలూ ఇక్కడే ఉంటాయి. స్క్రూలను పీకి చూడకండి. తల పట్టుకుని ఒక్కోదాన్ని యాభైసార్లు ఊపి, ఏది ముందు కదిలిందో నాకు చెప్పండి.